నల్ల తెర మీద పోటూ పాటూ

నాకు ఇంగ్లీషు అక్షరాలు ఏ, బీ, సీ, డీ వరసలో రావు. క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్ అనే వరసలో వస్తాయి. ఫోను కీబోర్డు మీద ఆ వరసలోనే ఉంటాయి కనుక అలాగే నేర్చుకున్నాను. ఒకసారి గూడూరు బస్సులో పక్క సీటావిడ ఒళ్లో పిల్లకు ఏబీసీడీలు చెబుతుంటే, నేను లోపల్లోపల నా వరస చదువుకున్నాను. ఆ పిల్లకు వచ్చినవన్నీ నాకూ వచ్చు. వచ్చిన దారి వేరు, అంతే.

తెలుగు అక్షరాలు కూడా నాకు నలభై దాటాకే వచ్చాయి. మాది గూడూరు అవతల కోట అనే ఊరికి తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. నా చిన్నప్పుడు బడి ఉండేది. కానీ మగపిల్లలు బడికి పోయే వేళకు ఆడపిల్లలం ఇసుక మీద చేపలు ఎండబెడుతూ ఉండేవాళ్లం. నా కూతురు పై తరగతులకు పోయాక, తన మూడో తరగతి వాచకం తీసి నాకు అక్షరాలు దిద్దించింది. సాయంత్రాలు రొయ్యల షెడ్డు నుంచి రాగానే ముందు వేళ్లు ఆరబెట్టుకోవాలి. పొద్దుటి నుంచి ఐసు నీళ్లలో రొయ్యలు ఒలిచిన వేళ్లు తెల్లగా ఉబ్బి, ముడతలు పడి ఉంటాయి. పెన్సిలు జారిపోతుంది. ఫోను తెర అయితే ఆ వేళ్లను మనిషి వేళ్లుగా ఒప్పుకోనే ఒప్పుకోదు. చీర కొంగుతో తుడిచి తుడిచి, పొయ్యి దగ్గర కాసేపు వెచ్చబెట్టుకుంటే అప్పుడు పలుకుతుంది.

నా భర్త చెన్నై వైపు పడవల మీద పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆ సంగతి ఊరికి తెలిసి చాలా కాలమైంది. ఇంట్లో మేమిద్దరం, మా ఇద్దరికీ ఒకే ఫోను.

కూతురు గూడూరు కాలేజీలో కంప్యూటర్లు తీసుకుని డిగ్రీ చదివింది. కంప్యూటరు చదువుకు చేరింది కానీ దానికి కంప్యూటరు లేదు. కాలేజీ ల్యాబులో ఒక్కో మిషను ముందు ముగ్గురేసి కూర్చునేవాళ్లట. ఈమె వంతు వచ్చేలోపు గంట కొట్టేవాళ్లట. ఇంటి దగ్గర చేసుకురమ్మని చెప్పేవాళ్లు. ఏ ఇంటి దగ్గర, దేని మీద అని అడిగేవాళ్లు ఉండరు గదా.

అప్పుడు పై క్లాసు అమ్మాయి ఒకామె ఒక యాపు సంగతి చెప్పింది. దాన్ని వేసుకుంటే ఫోనే కంప్యూటరవుతుందట. బొమ్మలుండవు, రంగులుండవు. నల్ల తెర మీద మనం ఒక మాట టైపు చేయాలి, అది ఆ పని చేయాలి. సరిగ్గా పనిచేసేది ప్లే స్టోరులో దొరకదు, వేరే చోటు నుంచి దించుకోవాలి. మా ఇంట్లో సిగ్నలు అందదు కాబట్టి కూతురు తుపాను షెల్టరు మేడ మీద కూర్చుని సాయంత్రమంతా దించింది. ఫోను పెనంలా కాలిపోయింది. చున్నీ తడిపి కింద పెట్టుకుందట.

ఇంటికి వచ్చి చూపించింది. నల్లటి తెర, ఒక మూల చిన్న గుర్తు, దాని పక్కన మినుకుమినుకుమంటూ ఒక గీత.

"ఏందే ఇది? సినిమా అయిపోయిన్నట్టు ఉండాది."

"కంప్యూటరమ్మా."

"ఆ గుర్తు డాలరు గదా? తెరవంగానే దుడ్లు అడగతా ఉందేందే?"

అది పడీ పడీ నవ్వింది. "దుడ్లు కాదు మా. నేను కాసుకోనుండా, ఏం చేయాల్నో చెప్పు అంటా ఉండాది."

నన్ను ఎవరూ అలా అడిగి ఉండలేదు. ఆ మాట నాకు నచ్చింది.

తర్వాత అది వంట చేస్తూ చెబుతుంటే నేను టైపు చేయడం అలవాటైంది. దానికి వేరే ఎప్పుడూ తీరిక ఉండేది కాదు, నాకు అక్షరాల మీద ఆశ తీరేది కాదు. ఎల్, ఎస్ అని కొడితే మనమున్న గదిలో, అంటే ఫోల్డరులో, ఏమేమి ఉన్నాయో వరసగా చూపిస్తుంది. సీ, డీ అని కొట్టి పేరు చెబితే ఆ గదిలోకి పోతుంది. పేరులో ఒక చుక్క వదిలేసినా పోదు. ఒక్క అక్షరం తప్పినా నాకు తెలియదు పొమ్మంటుంది. కానీ కసరదు. ఎన్నిసార్లు తప్పు కొట్టినా మళ్లీ ఆ గీత మినుకుమంటూనే ఉంటుంది. షెడ్డులో సూపర్వైజరుకు కూడా అంత ఓర్పు లేదు.

తెర సగానికి కీబోర్డే వచ్చేది. మిగతా సగంలో నాలుగు వరసలు కనిపిస్తే గొప్ప. పైకి జరిపి, కిందికి జరిపి, ఏది ఎక్కడుందో తలలో పెట్టుకుని రాసేది నా కూతురు. వేరే ఫోనేదైనా వస్తే, మధ్యలో సినిమా పాట వీడియో ఒకటి తెరిస్తే, ఫోను ఈ నల్ల తెరను చంపేసేది. మళ్లీ మొదటి నుంచి నడపాలి. దాని వేలి చివర కాయ కాచింది. వలలు అల్లేవాళ్లకు కాచినట్టు.

ఒక రోజు నేను ఉబలాటపడి తెలుగులో "పోటు" అని కొట్టాను. నల్ల తెర మీద అది ముక్కలై వచ్చింది. పకారం ఒకచోట, ఓత్వం ఇంకోచోట, మధ్యలో చుక్కల సున్నా. నలభై ఏళ్లు దాటాక కూడబలుక్కున్న అక్షరాలు చెయ్యి విరిగినట్టు పడి ఉన్నాయి. దీనికి మన అక్షరాలు నిలబెట్టడం రాదమ్మా అంది కూతురు. అందుకే అది తన ప్రాజెక్టులో తెలుగు మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాలతో రాసింది.

ప్రాజెక్టు సంగతి చెప్పాలి. డిగ్రీ ఆఖరున ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి తయారుచేసి చూపించాలి. మా ఊరి పడవలు ఏటి మొగలోంచి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు నుంచి, సముద్రంలోకి పోతాయి. పాటు వేళ, సముద్రం వెనక్కి తీసినప్పుడు, మొగలో నీళ్లుండవు, వచ్చే పడవ ఇసుక మీద కూర్చుంటుంది. పోటు కోసం అందరూ కాసుకోవాలి. మావాళ్లు తిథిని బట్టి లెక్క కడతారు. నా కూతురు ఆ లెక్కను ఫోనుకు నేర్పింది. తిథి చెబితే చాలు, రాబోయే రోజుల్లో మొగలో పోటు ఏ వేళకు, పాటు ఏ వేళకు అన్నది రెండు వరసల్లో తెర మీదికి వచ్చేది. నేను షెడ్డుకు పోయే ముందు మొగ దగ్గర నిలబడి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసి చెప్పేదాన్ని. సరిపోలకపోతే అది మళ్లీ దిద్దేది.

ఆ ఏడు కాలేజీకి చెన్నై నుంచి ఒక కంపెనీవాళ్లు ఉద్యోగాలకు ఎంచుకోవడానికి వస్తారని చెప్పారు. మార్కులు కాదు, సొంతంగా ఏం చేశారో ఫోనులోనైనా సరే నడిపి చూపించండి అన్నారట. ఆ మాట విన్న రోజు నా కూతురు బస్సు దిగి ఇంటిదాకా పరుగెత్తుకుంటూ వచ్చింది. క్లాసులో చాలామంది నెల్లూరులో అమ్మే ప్రాజెక్టులు కొనుక్కున్నారు. నడిపి చూపించగలిగింది తన దగ్గరే ఉంది. ఆ ఉద్యోగం మీద, దానికంటే ఎక్కువగా ఆ నల్ల తెర మీద, మా ఇద్దరి ఆశ అంతా నిలబడి ఉంది.

ఆ రోజుల్లోనే ఊళ్లో నంబర్లాట గొడవ వచ్చింది. ఫోనులో నంబర్ల మీద పందెం కాసి, ఒక ఇంటి అబ్బాయి పడవ ఇంజను అమ్మేసి ఊరు వదిలిపోయాడు. వాడి భార్య చంకన బిడ్డతో పెద్దకాపు ఇంటి ముందు కూర్చుని ఏడ్చింది. మా ఊరికి పెద్దను పెద్దకాపు అంటాం. ఆయన సభ పెట్టి కట్టుబాటు చేశాడు: ప్రతి ఇంటి ఫోనూ షెల్టరు దగ్గరికి తేవాలి, కోటలో ఫోన్ల షాపాయన వచ్చి చూస్తాడు, పందెం యాపు ఉంటే తీసేస్తారు, ఆ ఇంటివాళ్లు తప్పు కట్టాలి, అంటే జరిమానా. ఆ కట్టుబాటు కావాలని అడిగిన ఆడవాళ్లలో నేనూ ఉన్నాను. మంచి పనే అనుకున్నాను. ఇప్పటికీ మంచి పని కాదని అనలేను.

సభ రోజు కూతురికి కాలేజీలో పరీక్ష ఉంది. ఫోను నా చేతికిచ్చి పోయింది. పొద్దున్నే షెల్టరు వరండాలో టార్పాలిన్ పరిచి ఫోన్లన్నీ వరసగా పెట్టారు. మగవాళ్లు వరండాలో, మేము మెట్ల కింద ఎండలో. షాపాయన ఒక్కొక్కటీ తీసి చూస్తూ నాదాన్ని పట్టుకుని ఆగాడు.

"ఇది ప్లే స్టోర్లోది కాదన్నా. బయట నించి దించి ఏసినారు. ఆ పందెం యాపులు గూడా ఇట్నే ఏసుకుంటారు."

తెరిచాడు. నా కూతురు ఆఖరున నడిపిన పట్టిక అలాగే ఉంది. తిథి అంకెలు, పక్కన వేళల అంకెలు, నల్ల తెర మీద కిందిదాకా.

"అన్నీ నంబర్లే అన్నా. టయిములు గూడా ఏసుండారు."

"టయిముకొక నంబరు పడతాదంట గదా, అదే ఆట," అన్నాడు వెనక నుంచి ఒకడు. "ఎవురిదబ్బా ఫోను?"

నేను మెట్లెక్కాను. "నాదే అన్నా. అది పందెం కాదు. మొగలో పోటూ పాటూ వచ్చే టయిములు. నా బిడ్డ కాలేజీకి చేసింది. ఆడ పైన రాసుండాది చూడండి, పీ, ఓ, టీ, యూ. పోటు అని."

వరండాలో నవ్వులు లేచాయి. ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు.

"పోటు ఎప్పుడొస్తాదో ఫోను చెప్పాల్నా మనకి? ఇన్నాళ్లూ ఎట్టా పోయినామబ్బా సముద్రానికి!"

"రొయ్యల షెడ్డులో ఇంగ్లీషు గూడా నేర్పతా ఉండారేందమే?"

"అట్టయితే రేపట్నించి తిథులు మాకాడ అడగొద్దు, ఈమెకాడ అడుక్కోండి."

పెద్దకాపు నవ్వలేదు. ఆయన చెడ్డవాడు కాదు. చేయి ఎత్తి అందరినీ ఆపి, నా వైపు చూడకుండా అన్నాడు. "అమ్మా, ఆడోళ్లు సభలో మాట్లాడేది లేదు. మీ ఇంటి తరపున ఎవురు మాట్లాడతారు?"

మగదిక్కు లేని ఇంటి తరపున పుట్టింటివాళ్లు మాట్లాడాలి. నా తమ్ముడు లేచాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. బడికి పంపినా వాడికి అక్షరాలు అంటలేదు, కానీ నా కూతురు ఆ ఫోనుతో ఏం చేస్తుందో రోజూ చూస్తున్నవాడే. వాడు భుజం మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, చేతులు జోడించాడు.

"అన్నా, పిల్ల చిన్నది. తెలీక ఏసినాది. తప్పు మాదే. తీసేయండి. ఇంక ఆ ఇంట్లో అది ఉండదు. నాదీ పూచీ."

"తప్పెందుకు ఒప్పుకుంటావురా?" అన్నాను. గొంతు పెద్దగానే వచ్చింది.

వాడు మెట్ల వైపు తిరిగి పళ్ల మధ్య నుంచి అన్నాడు. "గమ్మునుండక్కా. ఒప్పుకుంటే ఒక్క మాటతో పోతాది."

మా సభల పద్ధతి అది. వాదించినవాణ్ణి నిలబెట్టి అడుగుతారు, వాడి తాతలనాటి తప్పులు కూడా తవ్వుతారు. వంగినవాణ్ణి వెంటనే వదిలేస్తారు. చేయని తప్పు ఒప్పుకుని బయటపడ్డవాళ్లు మా ఊళ్లో ప్రతి ఇంట్లో ఉన్నారు. అలా ఒప్పుకోవడం మావాళ్లకు సిగ్గు కాదు, తెలివి. అంతకుముందే మా పక్కింటాయన తన ఫోనులో పందెం లేదని గట్టిగా వాదించి అరగంట నిలబడ్డాడు. నా తమ్ముడు అది చూశాడు. అక్కను, మేనకోడలిని ఆ ఎండలో నిలబెట్టకూడదనుకున్నాడు. ప్రేమతోనే చేశాడు. వాడు ఒక్కసారి కూడా తెర వైపు చూడలేదు.

తమ్ముడు వంగాడని తప్పు మాఫీ చేసి, ఫోను నాది కనుక ఆ యాపును నా ఎదుట తీయాలన్నారు. షాపాయన తెర నా వైపు తిప్పి పట్టుకున్నాడు. నాకోసం కూతురు ఫోను భాష తెలుగులో పెట్టింది. ఈ యాప్‌ను తొలగించాలా అని అడిగింది ఫోను. కింద రెండు మాటలు. రద్దు చేయి. సరే. ఒక్క వత్తు విరగకుండా, శుభ్రంగా ఉన్నాయి. ఆ సభలో ఆ మాటలు చదవగలిగిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. షాపాయన సరే నొక్కాడు.

కూతురు సాయంత్రం బస్సుకు వచ్చింది. చెప్పాను. ముందు నమ్మలేదు. ఫోను తీసుకుని అటూ ఇటూ వెతికింది.

"దానిది విడిగా ఫోల్డరేదన్నా ఉంటాదేమోనే," అన్నాను.

"ఉండదు మా. దాని ఇల్లు గూడా ఆ యాపులోనే ఉంటాది. ఇల్లు పడగొడితే సామాన్లు మిగలవు గదా."

కాలేజీలో ఒక నకలు పెట్టుకోవాలని అది ఎప్పటినుంచో చూసింది. ఫోన్లు తగిలిస్తే వైరస్ వస్తుందని ల్యాబులో ఒప్పుకోలేదు. నెట్లోకి ఎక్కించబోతే మధ్యలో ఆగిపోయేది. ఎప్పుడో మొదట్లో ఎక్కించిన ముక్క ఒకటి మిగిలింది. అందులో తిథి అడగడం ఉంది, సమాధానం చెప్పడం లేదు.

ఇద్దరం తమ్ముడి ఇంటికి పోయాం. వాడు వల బాగుచేసుకుంటున్నాడు.

"మామా, అది నా పరీక్ష పని."

"ఫోనులో ఏం పరీక్షే?"

"ఆరు నెల్ల నించి చేసినా. అందరి ముందర తప్పు చేసినానని ఎట్టా చెప్పినావు మామా?"

"నిన్ను కాపాడినానే పిచ్చిదానా! పక్కింటాయన్ని ఎంత సేపు నిలబెట్టినారో మీ అమ్మ చెప్పలా? మనోళ్లని ఎవురన్నా ఒక మాటన్నారా? అన్లా. నేను వంగినా గాబట్టి."

"మళ్లీ ఏసుకుంటా మామా. ఏసుకుని మొదట్నించి రాస్తా."

వాడి మొహం మారింది. "ఏసుకుంటావా? సభలో నేను పూచీ పడినా. మళ్లీ ఏస్తే నేనే గదే తప్పు కట్టాల్సింది, నేనే గదే తల దించుకోవాల్సింది. మామ తల తీసి రాయి మరి."

నా కూతురు ఆ యాపును మళ్లీ వేసుకోలేదు. తర్వాత నాతో అంది, అరిచి ఉంటే ఎదిరించేదాన్నమ్మా, తల అన్నాడు అని.

ప్రాజెక్టు ఇవ్వాల్సిన రోజు దగ్గర పడింది. నా కూతురు స్నేహితురాలితో కలిసి నెల్లూరు పోయి, అందరూ కొనే షాపులోనే ఒకటి కొనుక్కొచ్చింది. ఏదో ఆసుపత్రి పని నడిపే ప్రాజెక్టు. రోగుల పేర్లు, మంచాల నంబర్లు. మెరిసే అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో నా కూతురి పేరు. నేను ఆ పేరు చదివాను. నా కూతురి పేరు అచ్చులో చదవడం అదే మొదటిసారి. చదివి పక్కన పెట్టేశాను.

ఆ ప్రాజెక్టుకు మంచి మార్కులు వచ్చాయి. చాలా బాగా చేశావమ్మా అన్నారట పరీక్ష చేసినవాళ్లు.

చెన్నై కంపెనీవాళ్లు వచ్చినప్పుడు నీ సొంత పని చూపించమన్నారు. అట్ట ప్రాజెక్టు చూపించడానికి దానికి మనసు ఒప్పలేదు. పోటు పాట్ల సంగతి నోటితో చెప్పింది. బాగుంది, ఏదీ నడిపి చూపించు అన్నారు. ఇప్పుడు లేదు అంది. ఎందుకు లేదు అని అడిగారు. మా మామ సభలో పూచీ పడ్డాడని గూడూరులో కుర్చీలో కూర్చున్న మనిషికి ఎలా చెబుతుంది? పోయింది అని మాత్రం అంది. వాళ్లు తలూపి తర్వాతి పేరు పిలిచారు.

ఇప్పుడు అది నెల్లూరులో రొయ్యల మేత అమ్మే ఆఫీసులో బిల్లులు కొడుతుంది. అక్కడ కంప్యూటరు ఉంది. దాని మీద నల్ల తెర తెరిస్తే ఊరుకోరట.

డిగ్రీ పాసైందని తెలిసిన రోజు నా తమ్ముడు కోట నుంచి మైసూరుపాకు తెచ్చి షెల్టరు దగ్గర అందరికీ పంచాడు. పెద్దకాపుకు రెండు ముక్కలు ఇచ్చాడట. మా ఇంటికి వచ్చి పొట్లం నా ముందు పెట్టి, గడప మీద కూర్చున్నాడు.

"చూసినావా అక్కా. ఏమన్నా పోయిందా? పాసు గాలా?"

పొట్లం పక్కకు జరిపాను. వాడితో పోట్లాడితే మాట దొరుకుతుంది, పోట్లాడే చోటు దొరకదు. వాడు చేసింది తప్పని మా ఊళ్లో ఒక్క మనిషి చేత కూడా అనిపించలేను.

వాడు జేబులోంచి ఫోను తీశాడు. "ఇదేందో మెసేజి వచ్చినాదక్కా, పొద్దున్నుంచీ. డీజిలు గురించేమో. చదివి చెప్పు."

తీసుకున్నాను. తెలుగులోనే ఉంది. పడవలకు డీజిలు ఎప్పుడు ఇస్తారో, ఏ కాగితాలు తేవాలో ఉంది. ఆఖరిదాకా చదివాను. ఫోను వాడి చేతికి తిరిగి ఇచ్చాను.

"నాకు చదవను రాదురా. వేరే ఎవుర్నన్నా అడుగు."

వాడు నా మొహం చూశాడు. అబద్ధమని వాడికి తెలుసు, వాడికి తెలుసని నాకూ తెలుసు. తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. పక్కింటికి పోయి అడిగాడు. అక్కడ చదివిపెట్టారు.